వరస గడి

1949 నవంబరు 6, ఆదివారం. మానుకోట.

కొత్త పుస్తకం మొదలుపెట్టాను. పాతది ఊళ్లోనే ఉండిపోయింది. ఇక్కడ ఎక్కువ రోజులు ఉండేది లేదు కాబట్టి సన్న పుస్తకమే తెప్పించాను.

ఇది మిషను దవాఖాన వెనుక ఉన్న పొడుగాటి పెంకుల షెడ్డు. ముసలివాళ్ల వార్డు అంటారు. దిక్కులేనివాళ్లు, దిక్కున్నా ఊళ్లలో ఈ గడబిడకు నిలవలేనివాళ్లు ఇందులో ఉంటారు. నేను వార్డులో లేను. వార్డు చివర మందుల అలమారి ఉన్న గదిలో ఉన్నాను. రెండూ వేరు.

నేను ఊరు వదిలిన కారణం చిన్నది. లింగాల ఘనపూర్‌లో సర్కారుతో కొట్లాడే సంఘంవాళ్లకు గాయమైతే కట్టు కట్టాను. పోలీసులకు గాయమైతే వాళ్లకూ కట్టాను. దాంతో ఇద్దరికీ నా మీద అనుమానం వచ్చింది. ఇక్కడి డాక్టరు పాత పరిచయస్థుడు, కొన్నాళ్లు ఉండి పొమ్మన్నాడు. నర్సు సారక్క నన్ను చూడగానే, "సాబ్, మీరు నలభై ఏండ్లు జనగామ దవాఖానల కంపౌండరు పని చేసినోళ్లు. జర గీ అలమారి చూస్తరా" అంది. చూస్తున్నాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది.

ఘనపూర్‌కు బండి బాట బాగుపడగానే మేనల్లుడు సాయిలు బండి పంపుతాడు. వెళ్లిపోతాను.

నవంబరు 8

ఈ వార్డులో ఒక జబ్బు ఉంది, దానికి నా అలమారిలో మందు లేదు. కొత్త మనిషి ఎవరొచ్చినా మణెమ్మ అన్నానికి కూర్చోనివ్వదు. ముందు వరస తేలాలంటుంది.

మణెమ్మ ఈ చుట్టుపక్కల అరవై ఏళ్లు మంత్రసానితనం చేసిన మనిషి. తనకు నూరేళ్లు నిండాయని చెబుతుంది, ఎవరూ కాదనరు. ఆమెకు కుడిపక్క పోశాలు కూర్చుంటాడు. తాళ్లెక్కి కల్లు గీసినవాడు, చూపు పోయి పన్నెండేళ్లయింది. వాళ్లిద్దరి కులం ఒకటి కాదు, ఊరూ ఒకటి కాదు. అయినా ఎటునుంచి ఎటో లెక్కగట్టి పోశాలు తనకు మరిది అవుతాడని మణెమ్మ తేల్చేసింది. అతను ఆమెను వదినా అంటాడు. కాటారం నుంచి వచ్చిన కొమురవ్వ ఆమెను అత్తా అంటుంది. కొమురవ్వ కూతురు దవాఖానలో ఆయా. కొమురవ్వకు డెబ్బై నిండాయి, ఇక్కడ అందరికీ ఆమె "పిల్ల".

నన్నూ పట్టుకుంది మణెమ్మ. నా ఊరు, మా అమ్మ పుట్టినూరు, మా తాత చేసిన పని అన్నీ అడిగింది.

"నాకు వరసలు వద్దు. కంపౌండరు సాబ్ అంటే చాలు" అన్నాను.

"సాబ్ అంటే గది పనాయె. మాకేమైతవు?"

"ఏమీ కాను."

"ఏమీ కాకపోతే బంతిల నిన్ను యాడ కూసోబెట్టాలె?"

నా పళ్లెం గదిలోకి పంపమన్నాను. పంపుతున్నారు. ప్రశాంతంగా ఉంది. అన్నం వేళ గోడ అవతల వాళ్లు పడీ పడీ నవ్వుతుంటారు. అంత నవ్వడానికి అక్కడేముందో నాకు తెలియదు.

గోడకు నియమాల కాగితం అంటించాను. ఉమ్మరాదు, చుట్ట లోపల తాగరాదు, వారానికోసారి బట్టలన్నీ మరిగించాలి. కింద "కంపౌండరు యాకయ్య" అని సంతకం పెట్టాను. వాళ్లలో ఒక్కరికీ చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. సంతకంతో సహా.

నవంబరు 11

సాయిలుకు కార్డు రాశాను. బండి బాట సంగతి అడిగాను.

ఉత్తరం గురించి విని పోశాలు, "రోజుకు రెండు మార్లు రైలు కూత ఇనబడుతనే ఉంది గద సాబ్. గది జనగామకు పోతలేదా?" అన్నాడు.

సమస్య రైలుది కాదు, జనగామ నుంచి ఘనపూర్‌కు బండిది. కళ్లు లేనివాడికి బాటల సంగతి చెప్పడం దండుగని ఊరుకున్నాను.

నవంబరు 15

కొత్తగూడ వైపు నుంచి ఒక లంబాడీ ముసలామెను ఎడ్లబండిలో తెచ్చి దింపారు. పేరు లచ్చి. అడవిలోని సంఘంవాళ్లకు తిండి అందకుండా అడవి అంచు తండాలన్నీ ఖాళీ చేయించి పోలీసు క్యాంపు దగ్గరకు చేరుస్తున్నారట. ఆ తొక్కిసలాటలో ఆమె మనుషులు ఎటు పోయారో తెలియదు. ఎడమ కాలి మడమ మీద అరచేయంత పుండు. రెండు కర్రలు పట్టుకుని నడుస్తుంది. ఒంటి మీద ఎర్ర లంగా, నిండా అద్దాలు.

నేను పుండు కడుగుతుంటే ఒక్క మూలుగు లేదు. పని అయ్యాక "బాగ కట్టినవు భియా" అంది. భియా అంటే వాళ్ల భాషలో అన్న. నాకు ఆ మాత్రం తెలుసు. జనగామకు లంబాడీలు బోలెడుమంది వచ్చేవారు.

"కంపౌండరు సాబ్ అనాలి" అని చెప్పాను.

"సరే భియా" అంది.

అన్నం వేళ మణెమ్మ ఎలా తంటాలు పడుతుందో చూద్దామని తలుపు దగ్గర నిలబడ్డాను. లంబాడీ మనిషితో ఆమెకు వరస ఎక్కడ దొరుకుతుంది? చాలాసేపు ఆలోచించింది మణెమ్మ. తర్వాత అడిగింది, "మీ తాతలు ఎడ్ల మీద ఉప్పు దెచ్చి అమ్మెటోళ్లు గదా?"

"తెచ్చెటోళ్లు. మా బాపు గుడ తెచ్చిండు."

"మా అత్త గా ఉప్పే కొన్నది. గా ఉప్పు తినే మేము పెరిగినం. పోశాలూ, గీమె నీకు అక్కయితది. జరుగు, జాగ ఇయ్యి."

పోశాలు జరిగాడు. "రా అక్కా" అన్నాడు. అంతే, అయిపోయింది. నేను గదిలోకి వచ్చి నా పళ్లెం ముందు కూర్చున్నాను.

నవంబరు 17

కట్టు మార్చాను. "భియా" అంది. మళ్లీ చెప్పాను.

నవంబరు 24

ఈరోజు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి.

నియమం ప్రకారం బట్టలన్నీ మరిగించమన్నాను. లచ్చి లంగా కూడా. అద్దాల సందుల్లో నల్లులు ఉంటాయని నా వాదన, అది తప్పు వాదనేమీ కాదు. ఆమెకు తెల్ల చీర ఇప్పించాను. కాగులోంచి లంగా తీసేసరికి దారాలు మెత్తబడి అద్దాలు సగం ఊడిపోయాయి. లచ్చి కాగు పక్కన బూడిదలో కూర్చుని ఒక్కొక్క అద్దం ఏరుకుంది.

తర్వాత బంతికి రాలేదు. తెల్ల దుప్పటి తలమీదుగా కప్పుకుని మంచం మీదే ఉంది. కట్టు మార్చడానికి వెళ్లాను.

"గీ తెల్లబట్టల నన్ను ఎవలు గుర్తుపడతరు భియా? మావోళ్లు తోవల పోతూ చూసినా, ఎవలో ముసల్ది అనుకొని పోతరు" అంది.

కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ణి. మామూలుగా అంది. నాకు సిగ్గయింది. సాబ్ అనమని ఈరోజు చెప్పలేదు.

నవంబరు 25

నియమం నియమమే.

డిసెంబరు 2

లచ్చి అద్దాలు కుట్టుకుంటోంది. సూదిలో దారం ఎక్కించడానికి ఆమెకు చూపు ఆనదు. మొన్న నాకిచ్చింది. నాకు చూపు బాగానే ఉంది కానీ ఈ సూదులు మరీ సన్నం. పావుగంట చూసి, పని ఉందని తిరిగి ఇచ్చేశాను. పోశాలు అందుకున్నాడు. సూది నాలుక మీద పెట్టుకుని, దారపు కొస పళ్లతో నొక్కి, రెండు క్షణాల్లో ఎక్కించాడు. చూపు లేనివాడు. ఇప్పుడు వార్డు మొత్తానికి దారం అతనే ఎక్కిస్తున్నాడు. పొద్దున్నుంచి సూదుల కోసం అతని ముందు ఆడవాళ్లు వరుస కడుతున్నారు, అతనికి కాలు నేల మీద నిలవడం లేదు.

మడమ పుండు తగ్గుతోంది. రోజూ కడిగి కట్టు మారిస్తే ఇంకో నెలలో మానుతుంది. ఒక్క వారం వదిలేస్తే కాలు తీయాల్సి వస్తుంది.

మణెమ్మ, కొమురవ్వ తమ చావు బట్టల గురించి మాట్లాడుకుంటూ హాయిగా గడిపారు. కట్టె మీదికి పోయే ముందు పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి కదా. మణెమ్మ తమ్ముడి మనవడు నీలం చీర తెస్తానని మాటిచ్చాడట. కొమురవ్వకు నీలం నచ్చదట. అరగంట సాగింది. లచ్చి తల ఎత్తకుండా కుట్టుకుంటూనే ఉంది.

సాయిలు నుంచి జవాబు లేదు. టపా ఆలస్యమై ఉంటుంది.

డిసెంబరు 9

తహశీలు కచేరీ నుంచి గుమాస్తా వచ్చి ఒక ఫారం ఇచ్చాడు. వార్డులో ఉన్నవాళ్లందరి పేరు, ఊరు, వయసు రాయాలి. చివరి గడిలో ఈ తాలూకాలో ఉన్న సంబంధీకుల పేరు, వరస రాయాలి. సారక్క నాకే అప్పగించింది. ఇంత మంచి దస్తూరీ ఈ ఊళ్లో ఇంకొకరికి లేదు మరి.

అందరినీ విచారించి రాశాను. మణెమ్మకు తమ్ముడి మనవడు. పోశాలుకు కొడుకు కొడుకు. కొమురవ్వకు కూతురు. లచ్చి దగ్గరకొచ్చేసరికి పోశాలు, "మా అక్క అని రాయి సాబ్" అన్నాడు.

"అది మీరు అనుకున్నది. ఇది సర్కారు కాగితం" అన్నాను.

లచ్చి ఎదురు గడిలో "లేరు" అని రాశాను. నలభై ఏళ్లు రిజిస్టరు రాశాను, ఒక్క అబద్ధపు అక్షరం లేదు. విడిగా సిబ్బంది కాగితం కూడా ఉంది. అందులో సారక్క, ఆయా, వంటమనిషి, నేను.

డిసెంబరు 12

ఫారం వెళ్లాక గుమాస్తా అసలు సంగతి చెప్పాడు. అడవి వైపు నుంచి వచ్చినవాళ్లలో చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్లను పదహారో తేదీన లారీలో క్యాంపు ఊరికి తీసుకుపోతారు. అక్కడ తడికెల పాకలు ఉన్నాయట. కట్టు కట్టేవాళ్లు ఉన్నారా అని అడిగాను. లేరన్నాడు. వచ్చే అధికారిదే ఆఖరి మాటట.

ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పి ఉంటే మాత్రం నేను ఏం రాసేవాణ్ణి?

ఇంకో సంగతి. ఫారం శుద్ధప్రతి రాయమని తిప్పి పంపారు. సిబ్బంది కాగితంలో నా పేరు కొట్టేసి ఉంది. వార్డు జాబితాలో అయిదో నంబరుగా చేర్చి ఉంది. "యాకయ్య, 83, కంపౌండరు (పూర్వం). సంబంధీకులు: లేరు."

సారక్క దగ్గరకు వెళ్లాను.

"నేనే మార్చిన సాబ్. సంతకం నాది గదా, ఉన్నది రాయాలె. మీరు జీతం తీస్కుంటలేరు. మంచం వార్డుది, దుప్పటి వార్డుది, అన్నం వార్డుది."

"మరి అలమారి?"

"మీరు వచ్చినప్పుడు నాలుగు దినాలు అన్నం ముట్టలేదు. ఏదన్న పని చేతిల పెడితే తింటరని ఇచ్చిన. తప్పయితే మాఫ్ చేయుండ్రి. కానీ మీరు వచ్చినంక అలమారి మాత్రం సాఫ్‌గ ఉంది" అంది.

శుద్ధప్రతి రాశాను. అయిదో నంబరు కూడా నా దస్తూరీతోనే రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

డిసెంబరు 13

ఒంట్లో నలతగా ఉంది. పళ్లెం తిప్పి పంపాను.

డిసెంబరు 14

కర్రల చప్పుడైతే తలుపు తీశాను. లచ్చి. తన మంచం నుంచి నా గదికి నలభై అడుగులు ఉంటుంది. ఆ మడమతో ఆమెకు అది కోసెడు దూరం. చేతిలో జొన్నరొట్టె.

"తినలేదంట గదా భియా" అంది.

"నిన్ను పంపించే కాగితం రాసింది నేనే. తెలుసా?" అన్నాను.

"ఎరుకే. పోశాలు చెప్పిండు. ఉన్నదే రాసినవు, నాకెవలున్నరు?" గుమ్మంలోనే కూర్చుంది. "రొట్టె సల్లారిపోతది."

తిన్నాను. ఏడుపు వచ్చింది. ఎనభై మూడేళ్లవాణ్ణి, నోట్లో రొట్టె పెట్టుకుని ఏడ్చాను. ఆమె అటు తిరిగి లంగా అంచు చూసుకుంటూ కూర్చుంది. అద్దాలన్నీ కుట్టడం అయిపోయింది.

డిసెంబరు 16, శుక్రవారం

పొద్దున పదింటికి లారీ వచ్చింది. ఇద్దరు పోలీసులు లారీ దగ్గరే ఆగారు. లోపలికి వచ్చిన అధికారి పెద్దవయసువాడే, కళ్లద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. ఉర్దూ మనిషి, తెలుగు అంతంత మాత్రం. మాట తర్జుమా చేయడానికి నన్ను నిలబెట్టారు.

లచ్చి మూట కట్టుకుని, ఎర్ర లంగా కట్టుకుని తయారుగా కూర్చుంది.

అధికారి నాలుగో నంబరు చదివాడు. లచ్చి, సంబంధీకులు లేరు. ఆ మాట నేను తెలుగులో చెప్పడమే ఆలస్యం.

"ఎందుకు లేరు? మా అక్క" అన్నాడు పోశాలు, అధికారి ఎటువైపు ఉన్నాడో తెలియక గోడవైపు చూసి.

"మాకు ఆడిబిడ్డ. మా ఉప్పు గీళ్లదే" అంది మణెమ్మ.

"నాకు పెద్దమ్మ" అంది కొమురవ్వ. "పెద్దమ్మను లారీల ఎక్కిస్తే నా బిడ్డ దవాఖానల పనికి పోదు."

అలా చెప్పమని కూతురేమీ ఆమెతో అనలేదు. ఆయా తలుపు దగ్గర నోరు తెరుచుకుని నిలబడింది.

ఉన్నది ఉన్నట్టు ఉర్దూలో చెప్పాను. అధికారి కాగితం నా ముందుకు తోశాడు.

"ఇది రాసింది ఎవరు?"

"నేను."

"ఇందులో లేరని ఉంది. వీళ్లు ముగ్గురూ ఉన్నారంటున్నారు. నీ రాత అబద్ధమా, వీళ్ల మాట అబద్ధమా?"

వాళ్ల మాట అబద్ధమంటే నా నలభై ఏళ్ల రిజిస్టరు నిలుస్తుంది, లారీ నిండుతుంది. నాకు ఎక్కువసేపు పట్టలేదు. పట్టిందని రాసుకుంటే గొప్పగా ఉంటుంది కానీ, పట్టలేదు.

"నా రాతే తప్పు హుజూర్. సరిగా విచారించకుండా రాశాను. ఆమెకు అన్న ఉన్నాడు."

"ఎక్కడ?"

"మీ ముందు నిలబడ్డాడు."

అధికారి కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. లచ్చి లంగాను, నా ధోవతిని మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనా?"

"మా తల్లులు పోయి చాలా ఏళ్లయింది హుజూర్. ఇప్పుడు వాళ్లను అడగడానికి లేదు."

అతను లచ్చి వైపు తిరిగి, వచ్చిన తెలుగులో, "ఈయన నీకు ఏమైతడు?" అని అడిగాడు.

"భియా. అన్న. వచ్చిన దినం నుంచి పిలుస్తున్న. ఆయనకే ఇనబడతలేదు" అంది.

అధికారి కలం నాకిచ్చాడు. "లేరు" అన్న మాట కొట్టేసి "అన్న: యాకయ్య" అని రాసి పక్కన సంతకం పెట్టాను. కొట్టివేత ఉన్న కాగితం నా చేతి మీదుగా వెళ్లడం ఇదే మొదలు. తర్వాత అతను అయిదో నంబరు మీద వేలు పెట్టాడు.

"యాకయ్య. సంబంధీకులు లేరు. ఇదీ తప్పేనా?"

"ఇదీ తప్పే."

"చెల్లె: లచ్చి" అని రాశాను. దస్తూరీ పాడైంది.

"ఆమెకు నువ్వు జామీను, నీకు ఆమె జామీను. నా సర్వీసులో ఇంత ముసలి జామీనుదార్లను చూడలేదు" అన్నాడు. ముద్ర వేశాడు. వెళ్తూ వెళ్తూ, మోకాలి నొప్పికి ఏమన్నా ఉందా అని మెల్లగా అడిగాడు. అలమారి తెరిచి తైలం ఇచ్చాను, రెండు పూటలా రాయమని చెప్పాను. లారీ ఖాళీగా పోయింది.

డిసెంబరు 17

కొంప మునిగింది.

పొద్దున కొమురవ్వ నా గది ముందుకొచ్చి, "మామా, దగ్గుకు మందియ్యి" అంది.

"మామ ఏమిటి?"

ఆమె వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పింది. నేను లచ్చికి అన్నను. లచ్చి పోశాలుకు అక్క. అంటే నేను పోశాలుకు పెద్దన్నను. పోశాలుకు మణెమ్మ వదిన. పెద్దన్న భార్యే వదిన కదా. మణెమ్మ తనకు అత్త, అత్త మొగుడు మామ.

గోడ అవతల పోశాలు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. మణెమ్మ మొహం మీదికి కొంగు లాక్కుని, అటు గోడకు తిరిగి కూర్చుంది. నూరేళ్ల మనిషి. సారక్క నవ్వుకు మాత్రల డబ్బా కింద పడేసింది.

లచ్చికి తమ్ముడినని రాసి ఉంటే బతికిపోయేవాణ్ణి. పెద్దరికం కావలసివచ్చింది నాకు. కాగితం మీద సర్కారు ముద్ర కూడా పడింది.

డిసెంబరు 18

తనకు నూరు నిండలేదని, ఎనభై కూడా దాటి ఉండవని మణెమ్మ ఈరోజు అందరికీ చెప్పింది.

డిసెంబరు 21

నా పళ్లెం గదిలోకి రాలేదు. చాలాసేపు చూసి, అడుగుదామని వెళ్లాను. బంతిలో లచ్చికీ పోశాలుకూ మధ్య జాగా వదిలి ఉంది, దాని ముందు నా పళ్లెం.

"వరస తేలింది గద, ఇంక యాడ కూసోబెట్టాల్నో నాకెరుకే" అంది మణెమ్మ, నా వైపు చూడకుండా.

చల్లారిపోతుందని కూర్చున్నాను. ఆ నవ్వంతా దేనికో ఇవాళ తెలిసింది. ఏమీ లేదు. పోశాలు పచ్చిమిరపకాయ అని చెప్పి బెండకాయ కొరికి, కారం తట్టుకోలేనట్టు ఊదుకుంటాడు. రోజూ అదే ఆట అట. నేను కూడా నవ్వాను.

డిసెంబరు 23

లచ్చి అడిగింది, "అన్నవైతివి. చెల్లెకు బట్ట పెట్టవా?"

మణెమ్మ గోడవైపు నుంచే కలుగజేసుకుంది. "పుట్టింటి బట్ట పోయిననాడు గద కప్పేది."

"సచ్చినంక కప్పితే నేను జూస్తనా? అందరికీ ఇప్పుడే చూపియ్యాలె. ఎర్రది తే భియా. అద్దాలు పాత లంగవే కుట్టుకుంట."

ఆ సంగతి చెప్పగానే కొమురవ్వ కూడా తన చీర ఇప్పుడే తెమ్మని పుట్టింటికి కబురు పెట్టింది. నీలం వద్దని మరీ చెప్పి పంపింది.

డిసెంబరు 30

సాయిలు కార్డు వచ్చింది. "మామా, బాట బాగైంది. ఊరు సల్లగుంది. జనగామ స్టేషనుకు బండి తెస్త. ఏ దినం వస్తవో రాయి." మంచివాడు. అక్షరాలు మాత్రం ఇప్పటికీ వంకరే.

వార్డులో ఎవరికీ చదివి వినిపించలేదు. అయినా పోశాలు, "కార్డు వచ్చిందట గదన్నా" అన్నాడు. లచ్చి సూది ఆగింది.

"టపావాళ్లు పొరపాటున ఇచ్చారు" అన్నాను. అది అబద్ధం. నోటితో చెప్పినదే, రాతలో లేదు.

1950 జనవరి 3, మంగళవారం

సాయిలుకు జవాబు రాశాను. "లచ్చి మడమ పుండు ఇంకా మానలేదు. అలమారి వేరేవాళ్లకు అప్పగించేలా లేదు. నువ్వే బండి మీద రా, నీకు ఇక్కడ ఒక కొత్త అత్త, ఒక కొత్త చిన్నమ్మ ఉన్నారు, వచ్చాక చెబుతాను."

పుండు మానిపోయిందని కట్టు విప్పింది మొన్ననే. కానీ చలికాలం, ఎందుకైనా మంచిది.

ఎర్ర గుడ్డ వచ్చింది. లచ్చి కొత్త లంగా కుట్టుకుని, కట్టుకుని, ఒక్క కర్రతో వార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. చూసినవాళ్లందరికీ "మా అన్న పెట్టిండు" అని చెప్పింది. పోశాలు చేయి చాపితే, లంగా అంచు అతని చేతికిచ్చింది. అతను ఒక్కొక్క అద్దం తడిమి, "అక్కా, బాగ మెరుస్తుంది" అన్నాడు.

గోడ మీది నియమాల కాగితం దగ్గరకు వెళ్లి ఇంకో నియమం రాశాను. లచ్చి బట్టలు మరిగించరాదు. చల్లనీళ్లలో విడిగా ఉతకాలి. కింద అలవాటు కొద్దీ సంతకం పెట్టాను. అందరూ చేరారు. చదివి వినిపించాను.

"సంతకం ఏమున్నది మామా?" అంది కొమురవ్వ. మొదటిసారి సంతకంతో సహా చదివి వినిపించింది ఆమె మరిచిపోలేదు.

కాగితం మీద "కంపౌండరు యాకయ్య" అని ఉంది. "అన్న యాకయ్య" అని చదివాను. వాళ్లకు చదువు రాదు కదా.

అందరూ వెళ్లాక కలం తీసుకెళ్లి, కంపౌండరు అన్న మాట కొట్టేసి, అన్న అని దిద్దాను. లేనిది చదివే అలవాటు నాకు లేదు.